తుపాను వెళ్లిపోయాక పోయిన ప్రాణాలు ఎవరి లెక్కలోకి వస్తాయి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. రెండు ఉత్తరాలు అమెరికా పాలనలో ఉన్న ప్యూర్టోరికో దీవిని 2017లో తాకిన హరికేన్ మరియా మృతుల సంఖ్య గురించి అడిగినవి. మిగిలిన రెండూ మన విశాఖ తీరం నుంచి, మన తుపానుల గురించి వచ్చినవి. వేటికవి జవాబు రాద్దామని కూర్చున్నాక అవి నాలుగూ అడుగుతున్నది ఒకే ప్రశ్న అని తోచింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే ఇస్తున్నాను. రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: హరికేన్ మరియా వల్ల ప్యూర్టోరికోలో 64 మంది చనిపోయారని మొదట ప్రకటించిన ప్రభుత్వం, ఏడాది తిరగకుండానే ఆ సంఖ్యను 2,975కు మార్చిందని చదివాను. 64 ఎక్కడ, 2,975 ఎక్కడ? ఇంత తేడా పొరపాటున వస్తుందా, లేక కావాలనే దాచారా? (విశ్రాంత ఉపాధ్యాయులు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

జవాబు: మరియా 2017 సెప్టెంబరు 20న గంటకు సుమారు 250 కిలోమీటర్ల గాలులతో ప్యూర్టోరికోను తాకింది. అట్లాంటిక్‌లో హరికేన్ అనేదీ, మన బంగాళాఖాతంలో తుపాను అనేదీ ఒకే జాతి. సుమారు 33 లక్షల జనాభా ఉన్న ఆ దీవిలో కరెంటు మొత్తంగా పోయింది, చిట్టచివరి ఇళ్లకు అది తిరిగి వచ్చేసరికి దాదాపు 11 నెలలు పట్టింది. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ 11 నెలల్లోనే ఉంది.

ముందు 64 ఎలా వచ్చిందో చూద్దాం. అక్కడి పద్ధతి ప్రకారం ఒక మరణం తుపాను మరణంగా లెక్కకెక్కాలంటే ప్రభుత్వ ఫోరెన్సిక్ సంస్థ దాన్ని ధ్రువీకరించాలి. అందుకు మృతదేహాన్ని రాజధాని శాన్‌హువాన్‌కు తీసుకురావాలి, లేదా అక్కడి వైద్యాధికారి మరణం జరిగిన ప్రాంతానికి వెళ్లాలి. రోడ్లు తెగిపోయి, వంతెనలు కూలిపోయి, ఫోన్లు పలకని కొండ ఊళ్ల నుంచి శవాన్ని రాజధానికి తీసుకురాగలిగిన కుటుంబాలు ఎన్ని ఉంటాయో మనం ఊహించగలం. గోడ కూలి పోయినవారు, వరదలో కొట్టుకుపోయినవారు, కొండచరియ కింద పడినవారు ఆ లెక్కలోకి వచ్చారు. డయాలసిస్ ఆగిపోయినవారు, ఆక్సిజన్ యంత్రం ఆగిపోయినవారు, ఫ్రిజ్ పనిచేయక ఇన్సులిన్ పాడైపోయినవారు, అంబులెన్సుకు ఫోన్ కలవక దారిలోనే పోయినవారు చాలావరకు రాలేదు. వారి పత్రాల్లో గుండెపోటు, మధుమేహం, న్యుమోనియా వంటి జబ్బుల పేర్లు ఉండిపోయాయి. తుపాను వల్ల సేవలు నిలిచిపోయి సంభవించిన మరణాలను కూడా పరోక్ష మరణాలుగా లెక్కించవచ్చని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నా, విపత్తు సమయంలో మరణ పత్రం ఎలా నింపాలో అక్కడి వైద్యులకు తగిన శిక్షణ లేదని తరువాతి అధ్యయనంలో తేలింది.

విశాఖవాసులకు ఇది పరాయి విషయంగా అనిపించదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన నగరం దగ్గర తీరం దాటిన మధ్యాహ్నం, తుపాను కన్ను మా మీదికి వచ్చినప్పుడు గాలి కాసేపు ఆగింది. అయిపోయిందనుకుని వీధుల్లోకి వచ్చిన మేమందరం, ఎదురు దిక్కు నుంచి గాలి మళ్లీ లేచేసరికి లోపలికి పరుగెత్తాం. ఆ తరువాత రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగలేదు, లిఫ్టులు కదలలేదు. మా అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో ఉండే పెద్దాయన, అప్పటికే గుండె జబ్బుకు మందులు వాడుతున్న మనిషి, మూడో రోజు పొద్దున్న ట్యాంకరు దగ్గర పట్టిన రెండు బకెట్ల నీళ్లు మోసుకుంటూ మెట్లెక్కి, మూడో అంతస్తు మలుపులో గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. చేతిలోని బకెట్టు దొర్లి నీళ్లు కింది అంతస్తు దాకా కారాయి. ఆయన మళ్లీ లేవలేదు. మరణ పత్రంలో గుండెపోటు అని రాశారు, ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ అక్టోబరు 12కు ముందు ఆయన నీళ్ల బకెట్టు పట్టుకుని ఆ మెట్లెక్కిన రోజు నేనెన్నడూ చూడలేదు. ప్యూర్టోరికోలో 64కూ 2,975కూ నడుమ ఉన్నవారిలో చాలామంది ఇటువంటివారే.

ఇక దాచారా అన్న మీ మాటకు వస్తాను. నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. మొదటి వారాల్లో సంఖ్య తక్కువగా ఉండటం పద్ధతిలోని లోపం. ఆ లోపం అందరికీ తెలిసిన తరువాత కూడా 64ను పట్టుకుని వేలాడటం మాత్రం పాలకులు తీసుకున్న నిర్ణయం, దానికి వారు బాధ్యత వహించవలసిందే. వరుస చూడండి. అక్టోబరు 3న అధ్యక్షుడు ట్రంప్ దీవికి వచ్చినప్పుడు అధికారిక సంఖ్య 16. ఆయన దాన్ని 2005లో అమెరికాను తాకిన హరికేన్ కత్రినా మృతులతో పోల్చి, ఇక్కడ అంత నష్టం జరగలేదన్న ధోరణిలో మాట్లాడారు. ఆయన వెనుదిరిగిన రోజునే సంఖ్య 34 అయింది, డిసెంబరుకు 64కు చేరి అక్కడ ఆగిపోయింది. శ్మశానాల వారూ, ఆసుపత్రుల వారూ అప్పటికే వేరే మాట చెబుతున్నారు. ఆ డిసెంబరులోనే న్యూయార్క్ టైమ్స్ పత్రిక రోజువారీ మరణాల రికార్డులను వెనకటి ఏళ్లతో పోల్చి, మామూలు కంటే 1,052 మంది ఎక్కువ చనిపోయారని ప్రచురించింది. గవర్నరు రికార్డో రొసెయో పునఃపరిశీలనకు ఆదేశించారు గాని, పూర్తి మరణ రికార్డులు మాత్రం పాత్రికేయులకు అందలేదు. అక్కడి పరిశోధక పాత్రికేయుల కేంద్రం, సీఎన్ఎన్ వార్తాసంస్థ కోర్టుకు వెళ్లాక, 2018 జూన్‌లో న్యాయస్థానం ఆదేశంతోనే అవి బయటికి వచ్చాయి.

అదే జూన్ నెల మొదట్లో శాన్‌హువాన్‌లోని శాసనసభ భవనం ముందు జనం చెప్పులు, బూట్లు తెచ్చి పెట్టారు. తాతగారి తోలు బూట్లు, అమ్మ ఇంట్లో తొడుక్కునే చెప్పులు, పసిపిల్లల జోళ్లు అలా వేల జతలు అయ్యాయి. కొన్నిటి పక్కన పేరు రాసిన కాగితం, కొన్నిటిలో పువ్వు. ప్రభుత్వం రాసుకోని జాబితాను జనం నేలమీద పరిచారు. ఆ ఆగస్టు 28న, ప్రభుత్వమే నియమించిన జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం తన నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం 2,975ను అధికారిక సంఖ్యగా అంగీకరించింది.

ప్రశ్న: 2,975 కూడా అంచనాయే కదా? హార్వర్డ్ పరిశోధకులు 4,645 అన్నారు. పేర్లు లేని మృతులను ప్రభుత్వ లెక్కలో చేర్చడం సబబేనా? వయసు మీరి పోయినవారిని కూడా తుపాను ఖాతాలో వేశారని అప్పటి అధ్యక్షుడు అన్నారు, అందులో కొంతైనా నిజం లేదా? (స్టాటిస్టిక్స్ విద్యార్థి, భీమిలి)

జవాబు: మీరు చదువుతున్న శాస్త్రమే కాబట్టి మీకు తెలిసిన విషయమే అయినా, మిగతా పాఠకుల కోసం కాస్త విడమరిచి రాస్తాను. ఒక మండలంలో ఏటా అక్టోబరు నెలలో దాదాపు 40 మంది చనిపోతారనుకుందాం. తుపాను వచ్చిన ఏడు అక్టోబరులో 65 మంది చనిపోయారు. ఆ ఎక్కువైన 25 మంది ఎవరెవరో మనం వేలెత్తి చూపలేకపోవచ్చు, కానీ ఆ పాతికమందీ మామూలు రోజుల్లో బతికి ఉండేవారని చెప్పగలం. దీన్నే అదనపు మరణాల లెక్క అంటారు. వయసు మీరినవారిని చేర్చారన్న ఆరోపణ ఇక్కడ నిలవదు. వృద్ధాప్యంతో పోయేవారు ఏటా పోతూనే ఉంటారు గనుక వారు ఆ 40లోనే ఉన్నారు, తీసివేయగానే లెక్కలోంచి తొలగిపోతారు. 2018 సెప్టెంబరు 13న ట్రంప్ మూడువేల మంది చనిపోలేదని, తనను చెడ్డవాడిగా చూపడానికే ప్రత్యర్థులు ఆ సంఖ్యను తెచ్చారని, తాను దీవిని విడిచినప్పుడు మృతులు 6 నుంచి 18 మంది మాత్రమేనని రాశారు. తుపాను వచ్చిన రెండు వారాలకు ఉన్న సంఖ్యను ఆరు నెలల లెక్కకు జవాబుగా చూపడం, పొద్దున్న తూచిన బియ్యం చూపించి సాయంత్రం బస్తా బరువు కాదనడం వంటిది.

రెండు విశ్వవిద్యాలయాల సంఖ్యల్లో తేడాకు కారణం ఉంది. హార్వర్డ్ బృందం 3,299 ఇళ్లకు వెళ్లి అడిగింది. డిసెంబరు 31 వరకు జరిగిన మరణాల గురించి అడిగి, ఆ జవాబుల నుంచి దీవి మొత్తానికి అంచనా కట్టింది. వారు చెప్పింది 793 నుంచి 8,498 వరకు ఎంతైనా కావచ్చని. ఆ విస్తృతి వదిలేసి నడుమ ఉన్న 4,645ను మాత్రం పత్రికలు శీర్షికల్లో పెట్టాయి, అది మా వృత్తి చేసిన తప్పు. జార్జ్ వాషింగ్టన్ బృందం 2018 ఫిబ్రవరి వరకు నమోదైన మరణాలన్నిటినీ తీసుకుని, తుపాను తరువాత దీవి వదిలి వెళ్లిపోయినవారిని జనాభాలోంచి తగ్గించి లెక్కకట్టింది. అందుకే వారి విస్తృతి 2,658 నుంచి 3,290 వరకు చాలా ఇరుకుగా ఉంది. రెంటిలో నేను నమ్మేది రెండోదాన్ని. అదే నివేదికలో సంఖ్య కంటే నన్ను ఎక్కువగా ఆపిన మాట మరొకటి ఉంది. పేద మున్సిపాలిటీల్లో ఉన్నవారికి మరణ ప్రమాదం 45 శాతం ఎక్కువగా ఉండటమే కాదు, అధ్యయన కాలం ముగిసేదాకా అది తగ్గలేదు. గాలి అందరి మీదా ఒక్కలాగే వీచింది. కరెంటు, మందులు, డాక్టరు మాత్రం అందరికీ ఒక్కలా తిరిగి రాలేదు.

పేర్ల విషయంలో మీ అభ్యంతరంలో బలం ఉంది. అదనపు మరణాల లెక్క జాబితా కాదు. దానితో ఏ ఇంటివారూ మా మనిషి ఇందులో ఉన్నాడని చూపించుకోలేరు. అందుకే ప్రభుత్వం రెండు పనులూ చేయాలంటాను. జరిగిన నష్టం ఎంతో తెలియడానికి అంచనా కావాలి, ఎవరికి ఏమి బాకీ పడ్డామో తెలియడానికి పేర్లు కావాలి. అంచనా వచ్చింది కదా అని పేర్లు వెతకడం ఆపినా, పేర్లు దొరికినంతవరకే మృతులు అని వాదించినా, నష్టపోయేది ఆ ఇంటివారే. నిజాయితీగా వెతికితే సంఖ్య ఎప్పుడూ పెరుగుతుందని కూడా అనుకోకండి. 2005 ఆగస్టులో వచ్చిన కత్రినా మృతులు 1,833 మంది అని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. 2023లో అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం రికార్డులు తిరగదోడి దాన్ని 1,392కు తగ్గించింది. తగ్గించినందుకు ఎవరూ వారిని శంకించలేదు, ఎలా తగ్గించారో వారు రాసి పెట్టారు కాబట్టి.

మన దేశంలో ఈ వాదన కోవిడ్ కాలంలో విన్నాం. 2020, 2021 సంవత్సరాల్లో భారతదేశంలో అదనపు మరణాలు సుమారు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది, ఆ రెండేళ్లకు కోవిడ్ మృతులుగా ప్రభుత్వ లెక్కలో ఉన్నది 5 లక్షల లోపు. ఆ లెక్కకట్టిన పద్ధతిని మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. తరువాత మన ప్రభుత్వ నమోదు గణాంకాల్లోనే 2020లో 81 లక్షలుగా ఉన్న మరణాలు 2021లో కోటీ 2 లక్షలకు చేరాయి. ఈ పెరుగుదలంతా కోవిడ్ వల్లనే అని నేననను, నమోదు కూడా ఏటా మెరుగుపడుతోంది. కానీ నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం రాసి ఇచ్చినవి 2020లో దేశం మొత్తం మీద 22.5 శాతమే అని గుర్తుంచుకుంటే, కారణం రాసి లేదు గనుక మరణం ఆ ఖాతాలోకి రాదనే వాదన ఎంత బలహీనమైనదో తెలుస్తుంది.

ప్రశ్న: తుపాను సమయంలో వేటలో ఉండి తిరిగిరాని వారిని గల్లంతు అని రాసి ఊరుకుంటారు. మృతుల లెక్కలో చేర్చరు, ఇంటివాళ్లకు మరణ పత్రం ఇవ్వరు. ఏడేళ్లు ఆగాలని ఆఫీసుల్లో చెబుతారు. చట్టం అంతేనా? (మత్స్యకార కుటుంబ సభ్యులు, పెదజాలారిపేట)

జవాబు: చట్టం అంతే కాదు. మీకు చెబుతున్న ఏడేళ్ల మాట 1872 నాటి సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్‌గా ఉండేది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 111వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ఒక మనిషి జాడ ఏడేళ్లపాటు అయినవారెవరికీ తెలియకపోతే, అతను బతికే ఉన్నాడని వాదించేవారే దాన్ని రుజువు చేయాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఏడేళ్లకు ముందు మరణాన్ని రుజువు చేయడానికి వీల్లేదని మాత్రం అది ఎక్కడా చెప్పదు. తుపాను రోజున సముద్రంలో ఉన్న బోటు, దొరికిన చెక్క ముక్కలు, బతికి బయటపడిన తోటివారి వాంగ్మూలం ఉంటే అవే సాక్ష్యం.

ఇలా చేసిన దాఖలా కూడా ఉంది. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్‌లో వరదలకు కొట్టుకుపోయి శవం దొరకనివారి కోసం, కేంద్రంలోని జనన మరణాల రిజిస్ట్రార్ జనరల్ ప్రత్యేక పద్ధతిని ఏర్పాటు చేశారు. కుటుంబం పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి, నియమించిన అధికారి విచారణ జరపాలి, పత్రికల్లో పేరు ప్రకటించి 30 రోజులు అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి, ఏ అభ్యంతరమూ రాకపోతే మరణ పత్రం జారీ చేయాలి. ఏడేళ్ల నిరీక్షణ నెలల్లోకి వచ్చింది. 2017 నవంబరు చివరలో ఓఖీ తుపానుకు కేరళ తీరంలో తిరిగిరాని మత్స్యకారుల కుటుంబాల విషయంలోనూ అక్కడి ప్రభుత్వం ఏడేళ్లు ఆగలేదు. అందువల్ల ఆఫీసులో ఏడేళ్ల మాట చెప్పినప్పుడు, ఏ ఉత్తర్వు ప్రకారం చెబుతున్నారో రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి.

మన తీరానికి ఈ విషయం ఎంత ముఖ్యమో 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను చెబుతుంది. అందులో చనిపోయినట్లు నమోదైనవారు సుమారు వెయ్యిమంది అయితే, గల్లంతైనవారు అంతకంటే ఎక్కువ. వారిలో చాలామంది వేటలో ఉన్నవారే. వార్తల్లో ఏళ్ల తరువాత మిగిలేది మొదటి సంఖ్య మాత్రమే, రెండోది ఆ ఇళ్లలో మిగులుతుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో మృతులు పదివేల చుట్టూ అని ఎక్కువగా రాస్తారు. అంతకంటే చాలా ఎక్కువమంది పోయారని ఆ ప్రాంతంవారు నేటికీ చెబుతారు. నేను ఆ ప్రాంతంవారి మాటకే మొగ్గుతాను, ఎందుకంటే పేరు నమోదు కావాలంటే చెప్పడానికి ఇంట్లో ఒకరైనా మిగలాలి. ఇంటిల్లిపాదీ కొట్టుకుపోయిన చోట, పేర్లు తెలియని శవాలను గుట్టలుగా తగలబెట్టవలసి వచ్చిన చోట, ఫిర్యాదు ఇచ్చేదెవరు?

మీరు వెంటనే చేయగలిగిన పని ఒకటి ఉంది. బోటు హార్బరు దాటే ముందు ఎవరెవరు ఎక్కారో పేర్లు, ఆధార్ నంబర్లతో ఒక కాగితం ఒడ్డున ఉన్నవారి దగ్గర ఉంచండి. డీజిల్, ఐసు కొన్న రసీదులు పారేయకండి. ఇవి లేకపోవడం వల్లనే ఆ రోజు అతను ఆ బోటులో ఉన్నాడన్న సంగతి తేల్చలేక విచారణలు ఆగిపోతుంటాయి.

ప్రశ్న: మా అమ్మగారికి ఊపిరితిత్తుల జబ్బు ఉండేది. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ వాడేవాళ్లం. హుద్‌హుద్ తరువాత నాలుగో రోజు రాత్రి ఇన్వర్టర్ ఆగిపోయింది, సిలిండరు ఎక్కడా దొరకలేదు. పడిపోయిన చెట్ల మధ్య నుంచి ఆటోలో ఒక ఆసుపత్రికి చేర్చేసరికి ఆవిడ పోయారు. పత్రంలో కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని ఒక్క మాట రాశారు. తుపాను మృతుల జాబితాలో అమ్మ పేరు లేదు. డబ్బు కోసం అడగడం లేదు. ఆవిడ తుపాను వల్ల పోలేదని కాగితాల్లో ఉండిపోవడం నాకు నిద్ర పట్టనివ్వదు. ఇన్నేళ్ల తరువాత చేయగలిగింది ఏమైనా ఉందా? (పాఠకురాలు, గాజువాక)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. పైన ప్యూర్టోరికో గురించి అంత పొడవుగా రాయడానికి కారణం కూడా మీ ఉత్తరమే.

ముందు ఆ ఒక్క మాట సంగతి. వైద్యుడు నింపే మరణ కారణ పత్రంలో మొదటి భాగంలో ఒకదాని కింద ఒకటిగా మూడు వరుసలు ఉంటాయి. పై వరుసలో ప్రాణం పోవడానికి వెంటనే దారితీసిన స్థితి రాయాలి, దాని కింద ఆ స్థితికి కారణమైనదీ, అన్నిటికంటే కింద అసలు మూలమైనదీ రాయాలి. రెండో భాగంలో మరణానికి తోడైన ఇతర పరిస్థితులు రాయాలి. గుండె, ఊపిరి ఆగిపోవడం అనేది మరణించే తీరు మాత్రమే. మరణానికి కారణంగా దాన్ని రాయకూడదని వైద్యులకు ఇచ్చే సూచనల్లోనే ఉంది, ఎందుకంటే చనిపోయిన ప్రతి ఒక్కరికీ గుండె, ఊపిరి ఆగిపోతాయి. మీ అమ్మగారి పత్రంలో పై వరుసలో ఆక్సిజన్ అందకపోవడం, కింద వరుసలో దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు, రెండో భాగంలో తుపాను వల్ల కరెంటు లేక యంత్రం ఆగిపోవడం రాసి ఉంటే, ఆ పత్రమే సాక్ష్యమయ్యేది. ఆ రాత్రి ఆ డాక్టరు ఎంతమందిని చూస్తూ, ఏ వెలుతురులో రాశారో మనకు తెలియదు, ఆయనను నిందించను. అలా రాయమని తుపానుకు ముందే చెప్పి ఉంచవలసినది ప్రభుత్వం.

ఈ రాతకు అంత విలువ ఎందుకంటే, రాష్ట్ర విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం ప్రస్తుతం మృతుల కుటుంబానికి ఇచ్చే 4 లక్షల రూపాయలు తగిన అధికారి మరణ కారణాన్ని ధ్రువీకరించడం మీదే ఆధారపడి ఉంటాయి. గోడ కూలి పోయినవారికి పంచనామా, పోస్ట్‌మార్టం ఉంటాయి. ఇంట్లో మంచం మీద ఊపిరాడక పోయినవారికి ఆ రెండూ ఉండవు. అందుకే వారు జాబితాలోకి రారు.

దీన్ని మార్చడం సాధ్యమే. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు, విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రాణనష్టానికి పరిహారం నిర్ణయించడం జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు ఉన్న తప్పనిసరి బాధ్యత అని చెప్పింది. ఆ తరువాత కోవిడ్ విషయంలో వచ్చిన నియమం ఏమిటంటే, పరీక్షలో తేలిన 30 రోజుల లోపు సంభవించిన మరణం, ఆసుపత్రి బయట జరిగినా సరే, కోవిడ్ మరణమే. పత్రంలో వేరే కారణం రాసి ఉందని కుటుంబం అభ్యంతరం చెబితే, వినడానికి జిల్లాకొక కమిటీ ఉండాలన్నారు. రోగానికి అంత ఆలోచించి పెట్టిన నియమం తుపానుకు ఎందుకు ఉండకూడదు? ఒక ప్రాంతంలో కరెంటు తిరిగి వచ్చేదాకా యంత్రం మీద, డయాలసిస్ మీద ఆధారపడి బతుకుతున్నవారు ఎవరు పోయినా, కాదని రుజువయ్యేదాకా అది తుపాను మరణమేనని రాయడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. రైతు ఆత్మహత్యల మీద విచారణకు త్రిసభ్య కమిటీలు వేసిన రాష్ట్రం మనది. తుపాను తరువాత ప్రతి మండలంలో అటువంటి కమిటీ ఇంటింటికీ వెళ్లి అడగగలదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది. జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ నమోదులోని తప్పులను సరిదిద్దడానికి అవకాశం ఇస్తుంది. కానీ కారణం మార్చాలంటే వైద్యపరమైన ఆధారం కావాలి. అందువల్ల అమ్మగారి పాత మందుల చీటీలు, కాన్సంట్రేటర్ కొన్న లేదా అద్దెకు తెచ్చిన రసీదు, ఆసుపత్రి ఇచ్చిన ఏ కాగితమైనా వెతికి ఒకచోట పెట్టండి. ఆ రాత్రి మీతో ఉన్నవారి వాంగ్మూలాన్ని అఫిడవిట్‌గా రాయించండి. వీటితో రిజిస్ట్రారుకు దరఖాస్తు ఇవ్వండి. పదేళ్లు దాటిన కేసు కాబట్టి ఫలితం మీద భరోసా ఇవ్వలేను, ఇస్తే అబద్ధం చెప్పినట్లవుతుంది.

దానితోపాటు సమాచార హక్కు చట్టం కింద జిల్లా కలెక్టరు కార్యాలయానికి ఒక దరఖాస్తు పెట్టండి. హుద్‌హుద్ మృతుల జాబితా పేర్లతో, మరణ కారణాలతో ఇవ్వమనండి. ఏ మరణాన్ని తుపాను మరణంగా పరిగణించాలో చెప్పే ఉత్తర్వు లేదా సర్క్యులరు నకలు ఇవ్వమనండి. తిరస్కరించిన దరఖాస్తులు ఎన్నో, ఏ కారణంతో తిరస్కరించారో చెప్పమనండి. ఈ మూడింటిలో మీకు ఎక్కువ అక్కరకొచ్చేది నడిమిది. ఆ నిబంధన చేతికి వస్తే మీ అమ్మగారిని దేని ప్రకారం వదిలేశారో తెలుస్తుంది. అటువంటి నిబంధన ఏదీ లేదని రాసి ఇస్తే, ఏ నియమమూ లేకుండానే వదిలేశారని తెలుస్తుంది. రికార్డులు దొరకడం లేదని అంటే, ఆ మాటను కూడా సంతకంతో తీసుకోండి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, సరిగా లేకపోయినా, అక్కడే పై అధికారికి 30 రోజుల లోపు మొదటి అప్పీలు, ఆ తరువాత 90 రోజుల లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయవచ్చు. దరఖాస్తు రాయడంలో సాయం కావాలంటే మా కార్యాలయానికి రండి, కూర్చుని రాద్దాం. వచ్చేటప్పుడు ఆ మరణ పత్రం నకలు తీసుకురండి, రెండో భాగంలో ఏముందో ముందు చూడాలి.